ఉర్లా రోడ్డులో నీలం చేను

మా ఇంట్లో దెయ్యాల ప్రస్తావన వస్తే నాన్న ఒక్కటే మాట అనేవారు. "ముప్పయ్యేళ్లు రాత్రనక పగలనక గూడ్సు బండి నడిపినాన్రా. పట్టాల మీద మేకల్ని సూసినాను, ఎద్దుల్ని సూసినాను, తాగి పడుకున్నోళ్లని సూసినాను. దెయ్యమన్నది ఒక్కటీ అడ్డం రాలేదు." ఆయన కొడుకుని కాబట్టి నాకూ ఆ నమ్మకాలు అంటలేదు. అమావాస్య నాడు కొత్త స్కూటరు కొన్నవాణ్ని. ఇప్పుడు నేను రాస్తున్నది చదివి ఎవరైనా నవ్వితే తప్పు పట్టను. ఇంకొకరు రాస్తే నేనూ నవ్వేవాణ్నే.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వేలో చేరి రాయపూర్ వచ్చేశారు. విజయనగరం లైన్లో గూడ్సు డ్రైవరుగా చేసి ఇక్కడే రిటైరయ్యారు. నేను ఊరి శివార్లలో, ఉర్లాలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో స్టోర్సు చూసేవాణ్ని. తొంభైల మధ్యనాటి మాట ఇది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రం కాలేదు. ఇక్కడ తెలుగువాడు ఏ ఇంటిపేరు వాడైనా 'రావు సాబ్' అయిపోతాడు. నేనూ అంతే.

రైలింజన్లో ఒక పద్ధతి ఉంది. డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ ముందుకే చూస్తూ ఉంటారు. సిగ్నలు ఎవరికి ముందు కనపడితే వాళ్లు గట్టిగా కేక వెయ్యాలి. ఎర్రదైతే 'డేంజర్', పచ్చదైతే 'క్లియర్'. రెండోవాడు అదే మాట తిరిగి చెప్పాలి. చెప్పలేదంటే చూడలేదని, లేదా కునుకు తీస్తున్నాడని. ఇద్దరి గొంతులూ వినపడితేనే సిగ్నలు చూసినట్టు లెక్క. నాన్న ఉద్యోగమంతా ఈ రెండు కేకల మీదే నడిచింది.

నేను పాత ఫియట్ కారు కొన్నాక ఆ పద్ధతి కారులోకి వచ్చి కూర్చుంది. నాన్న ముందు సీట్లో నా పక్కనే కూర్చునేవారు. జయస్తంభ్ చౌక్‌లో ఎర్ర లైటు పడితే 'డేంజర్' అని కేక. నేను తిరిగి 'డేంజర్' అనేదాకా నా వైపే చూస్తూ ఉండేవారు. రైలు గేటు, అడ్డంగా పడుకున్న ఆవు, రివర్సు తీస్తున్న లారీ, అన్నీ ఆయనకి సిగ్నళ్లే. మొదట్లో సరదాగానే ఉండేది. వెనక సీట్లో మా ఆవిడ పద్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "మావయ్యగారికి పెన్షన్ ఇచ్చారు గానీ డ్యూటీ దింపలేదండీ" అనేది.

ఒకరోజు మా ఫ్యాక్టరీ మేనేజరు వెనక సీట్లో ఉన్నాడు. ఆయన్ని స్టేషన్లో దింపాలి. దారిలో నాన్న మూడుసార్లు కేక వేశారు. మేనేజరు అద్దంలో నన్ను చూసి చిన్నగా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఇది ఇంజను కాదు నాన్నా, నోరు మూసుకుని కూర్చో" అన్నాను. తెలుగులోనే అన్నాను గానీ, నా గొంతు విన్నవాడికి భాష రానక్కర్లేదు.

ఆ తర్వాత కారెక్కితే నాన్న కిటికీలోంచి పక్కకి చూస్తూ కూర్చునేవారు. కేకలు లేవు. నేను కూడా హాయిగా ఉందనే అనుకున్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను. నాలుగు నెలల తర్వాత ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది.

నోరు మూసుకోమన్నది నేను. మూతపడింది. ఈ రెంటికీ సంబంధం లేదని డాక్టర్లు చెప్పక్కర్లేదు, నాకూ తెలుసు. తెలిసినా ఏం లాభం, తప్పయిపోయిందని చెప్పుకుందామంటే నోరు రాలేదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ రోజులు దొర్లించాను. ముందు ఆయనకి ఒక్క మాట వస్తే చాలు, అప్పుడు చెప్పుకోవచ్చనుకున్నాను.

బీర్‌గావ్ దాటాక, మా ఫ్యాక్టరీకి పోయే రోడ్డులోనే ఒక చిన్న ఆసుపత్రిలో, ఇలాంటివాళ్లకి చేతులూ కాళ్లూ కదిలించి కసరత్తు చేయించే డాక్టరు ఉండేవాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి, నాన్నని తెచ్చి అక్కడ దించి, నాలుగింటికి మళ్లీ ఇంటికి చేర్చేవాణ్ని. వారానికి ఆరు రోజులు, అదే రోడ్డు. రెండు వైపులా ఫ్యాక్టరీ గోడలు, గోడల మీద మసి, ముందు ఎప్పుడూ ఒక లారీ వెనకభాగం. సాయంత్రానికి చొక్కా కాలరు నల్లబడేది. ఆ రోడ్డులో చూడదగ్గది ఏదైనా ఉందని, ఫ్యాక్టరీలో చేరిన నాలుగేళ్లలో నాకు తోచలేదు.

ఇప్పుడు అసలు సంగతి. చలి తగ్గుముఖం పట్టిన రోజులు. నాన్నని ఎక్కించుకున్నప్పుడు ఆసుపత్రి గోడ గడియారంలో నాలుగుకి పది నిమిషాలు తక్కువ. వెనక సీట్లో ఖేమ్‌లాల్ ఉన్నాడు. మా ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర వారం కిందటే చేరిన గుమాస్తా. నలభై ఏళ్ల మనిషి, పక్క పల్లెవాడే. స్టేషన్‌కి ఎవరో చుట్టం వస్తున్నాడంటే ఎక్కించుకున్నాను. మా నాన్నని అతను చూడటం అదే మొదటిసారి. నమస్తే బాబూజీ అన్నాడు. నాన్న ఎడమ చెయ్యి కాస్త ఎత్తారు.

కిలోమీటరు కూడా రాలేదు. ముందు లారీ ఏదీ లేదు, రోడ్డు ఖాళీ. నాన్న గొంతు వినపడింది. 'డేంజర్.'

ముద్దముద్దగా కాదు. పక్షవాతానికి ముందటి గొంతు, ఇంజను మోతని దాటి వినపడటానికి అలవాటు పడ్డ గొంతు. నేను ఆలోచించలేదు. 'డేంజర్' అని తిరిగి చెప్పి బ్రేకు తొక్కాను. ఇంజను ఆగిపోయింది. వెనక వచ్చిన లారీవాడు హారన్ మోగించి, నన్నూ నా వంశాన్నీ తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు.

రోడ్డు మీద ఏమీ లేదు. ఆవు లేదు, మనిషి లేడు, గుంత కూడా లేదు. నాన్న వైపు తిరిగాను. ఆయన ఎడమ పక్కకి చూస్తున్నారు. నేనూ అటు చూశాను.

రెండు షెడ్ల మధ్య గోడ కొంత దూరం కూలి ఉంది. ఆ సందులోంచి నీలం కనపడింది. మొదట నీళ్లు నిలిచాయనుకున్నాను. నీళ్లు కాదు, పూలు. మోకాలెత్తు మొక్కలు, ఒక్కో దానికి పదీ పదిహేను చిన్న చిన్న నీలం పూలు, ఆ చివర చిమ్నీ మొదలు దాకా. గాలి ఎటు తిరిగిందో, ఆ పూట పొగ అటు రాలేదు. చేనంతా ఒకేసారి ఇటు వంగి, ఒకేసారి అటు లేచింది. నాలుగేళ్లు రోజూ దాని పక్కనుంచే పోయానా అని నా మీద నాకే అసహ్యం వేసింది. అంత అందం నేను మళ్లీ చూడలేదు.

"అల్సీ హై" అన్నాడు ఖేమ్‌లాల్ వెనకనుంచి. మనం అవిసెలు అంటామే, ఆ చేను.

కానీ నాకు చేను పట్టలేదు. నాన్నకి మాటొచ్చింది! ఆయన భుజం పట్టుకుని "నాన్నా, మాటొచ్చింది నీకు. మళ్లీ అను, ఒక్కసారి మళ్లీ అను" అని మొదలెట్టాను. ఆయన మూతి ఎప్పటిలాగే ఒక పక్కకి లాగి ఉంది. పెదవులు కదల్లేదు. ఎడమ చెయ్యి ఎత్తి నా గడ్డం పట్టుకుని, నా ముఖాన్ని చేను వైపు తిప్పారు. చూశాను. రెండు క్షణాలు చూసి మళ్లీ ఆయన వైపు తిరిగాను. "అను నాన్నా." మళ్లీ తిప్పారు. మూడోసారి చెయ్యి తీసేసి తన ఒళ్లో పెట్టుకున్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. పక్షవాతం వచ్చాక ఆ కుడి కన్ను ఎప్పుడూ తడిగానే ఉండేది, కాబట్టి దాన్ని సాక్ష్యంగా చెప్పను.

పది నిమిషాలు అలా ఉన్నాం. ఖేమ్‌లాల్ బండికి టైమవుతోందన్నాడు. బయల్దేరాను.

ఆ రాత్రి పద్మ కూడా నాన్న పక్కన కూర్చుని "మావయ్యగారూ, ఒక్క మాటండీ" అని బతిమాలింది. లేదు. మర్నాడు డాక్టరుకి చెప్పాను. బాగా అలవాటైన మాట ఒక్కోసారి తన్నుకొస్తుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. నాకు అది సబబుగానే తోచింది.

తోచనిది ఇంకొకటి. మర్నాడు అదే వేళకి, అదే చోట కారు ఆపాను. గోడ సందు ఉంది. చేను ఉంది. పూలు లేవు, ఉత్త పచ్చ మొక్కలు. మూడు రోజులు ఆపాను, అంతే. నాలుగో రోజు చేలో గడ్డి కోస్తున్న ఒక ముసలావిడని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. అల్సీ పొద్దుటే పూస్తుందట, ఎండెక్కేసరికి రాలిపోతుందట, సాయంత్రం పూలెక్కడివి బాబూ అంది. నమ్మక మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి వెళ్లాను. చేనంతా నీలం. పన్నెండున్నరకి భోజనానికి పోతూ చూశాను. ఒక్క పువ్వు లేదు. మొక్కల మొదళ్ల దగ్గర మాత్రం రేకలు రాలి ఉన్నాయి.

అయితే మేము నాలుగింటికి చూసిందేమిటి? కల అందామంటే వెనక సీట్లోవాడు పేరు పెట్టి మరీ చెప్పాడు.

ఆ కేక విన్న తొమ్మిదో రోజు పొద్దున్న నాన్న పోయారు. రెండోసారి వచ్చింది పక్షవాతం. పద్మ కాఫీ తీసుకెళ్లేసరికి అయిపోయింది. ఆ తొమ్మిది రోజుల్లోనూ నేను చెప్పాల్సింది చెప్పలేదు. మాటొచ్చాక చెప్దామనే కూర్చున్నాను.

పదో రోజు కర్మకి ఖేమ్‌లాల్ వచ్చాడు. భోజనాలయ్యాక గుమ్మం పక్కన కూర్చున్నాం. ఏదో మాటల్లో, నాన్న ఏడాదిపాటు మాట లేకుండా ఉన్నారని అన్నాను. అతను తినబోతున్న వక్క చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు.

"నహీ రావు సాబ్. బాబూజీ తో బోలే థే" అన్నాడు. లేదు, ఆయన మాట్లాడారుగా అని.

అవును, ఆ రోజు ఒక్కసారే అన్నారని చెప్పాను. ఆయన కేక వేశారు, నేను తిరిగి చెప్పానని. ఖేమ్‌లాల్ తల అడ్డంగా ఊపాడు. తనకి బాగా గుర్తుందన్నాడు. ముందు కేక వేసింది నేనట. ఆ కేకకి ఉలిక్కిపడి అతను నా వైపు చూశాడట. అప్పుడు నాన్న, నాకంటే లావు గొంతుతో, అదే మాట తిరిగి అన్నారట. ఆ తర్వాతే బ్రేకు పడిందట. తండ్రీ కొడుకుల మధ్య ఏదో అలవాటు కాబోలు అనుకుని ఊరుకున్నాడట. ఆయనకి మాట లేదని తనకెలా తెలుస్తుంది?

నాలుగైదుసార్లు అడిగాను, గుచ్చి గుచ్చి. మాట మార్చలేదు. అతనికి అబద్ధమాడాల్సిన పని లేదు. నాకూ లేదు. నా చెవుల్లో ఇప్పటికీ ముందు వినపడేది నాన్న గొంతే. నేను ముందు ఎందుకు కేక వేస్తాను? రోడ్డు మీద ఏమీ లేదు, చేను నేను అప్పటికి చూడనే లేదు. సాయంత్రం పూలెలా వచ్చాయో, మాట పోయిన మనిషి ఎలా పలికాడో, ముందు ఎవరి గొంతు లేచిందో, ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు. చిక్కుతుందన్న ఆశ కూడా లేదు.

ఖేమ్‌లాల్ చెప్పిందే నిజమైతే, నేను పిలిచాను, నాన్న పలికారు. ఆ పూట నేను అనాల్సిన మాట ఒకటే ఉంది. తప్పయిపోయింది నాన్నా అని. అనడానికి పది నిమిషాల టైము ఉంది, వినడానికి ఆయన నా పక్కనే ఉన్నారు, ఆయన చెవులు బాగానే పనిచేసేవి. నేను "మళ్లీ అను, మళ్లీ అను" అంటూ కూర్చున్నాను.