వాన నీళ్ళు పోయే దారి కోసం కాలనీ మొత్తంతో కొట్లాడిన మా రూతు అత్తమ్మ

నిన్న పొద్దున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే నాన్న ఫోన్.

"అక్క పోయింది బిడ్డా" అన్నాడు.

నాకు బుర్రకెక్కలేదు. మొన్న సాయంత్రమే కదా ఎల్‌బీ నగర్ దవాఖానలో బెడ్ మీద కూర్చుని, కిటికీలోంచి కింద వేస్తున్న కొత్త రోడ్డును చూసి "స్లోప్ ఉల్టా పెడుతున్రు, గాడిదలు" అని తిట్టింది.

ఈ వారంలోనే డిశ్చార్జ్ అన్నారు. గుండె ఆగిందట. నిద్రలోనే.

రూతమ్మ మా మేనత్త. సివిల్ ఇంజినీర్. వాన నీటి కాలువలు కట్టించడంలోనే సర్వీసంతా గడిపింది. రిటైరయ్యాక చైతన్యపురిలో మా ఇంటి పై పోర్షన్‌లో ఉండేది.

నిన్నటి నుంచి కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరూ "మృదుస్వభావి" అని పెడుతున్నారు.

అబద్ధం. అత్తమ్మ నోరు చాలా కటువు. అదే గ్రూపులో ఆమెను "మోరీ మేడం" అని ఎక్కిరించిన వేళ్ళే ఇప్పుడు దండం ఎమోజీలు పెడుతున్నాయి.

కాలనీ పెద్దలూ, ఆమె మీకు ఏం చెప్పిందో గుర్తుందా?

మా గల్లీలో ప్రతి గేటు ముందూ కారెక్కడానికి సిమెంటు ర్యాంపు ఉంటుంది. దాని కింద వాన నీళ్ళు పోయే మోరీ. "పైపు వేశాం కదా" అంటారు. ఆ పైపులో ఒక్క కొబ్బరి బోండాం అడ్డం పడితే చాలు, గల్లీ చెరువవుతుంది.

ర్యాంపులు తీసేసి ఇనుప జాలీలు వేసుకోండి, లేపి పూడిక తీయొచ్చు అని కాలనీ మీటింగులో చెప్పింది. తీసిన మట్టిని ఒడ్డున కుప్ప పోయొద్దు, మళ్ళీ వానకు అదే లోపలికి జారుతుంది, వెంటనే బండిలో ఎత్తించండి అని కూడా చెప్పింది.

మా కాలనీ ప్రెసిడెంటు గారు నవ్వారు. "మేడం, రిటైర్ అయిన్రు కదా. జర రెస్ట్ తీస్కోండి."

అత్తమ్మ వాదించలేదు. తెల్లారి మేస్త్రీని పిలిపించి మా ర్యాంపునే పగలగొట్టించి ఇనుప జాలీ వేయించింది.

మాది గల్లీ చివర, పల్లంలో ఉన్న ఇల్లు. పై ఇళ్ళ నీళ్ళన్నీ మా ముందు నుంచే మెయిన్ రోడ్డు నాలాలో పడాలి.

నాన్న లబలబలాడాడు. "అక్కా, గల్లీల నా ఇజ్జత్ తీస్తున్నవ్."

"నీ ఇజ్జత్ తడిస్తే ఆరుతది. నీళ్ళు ఇంట్లకొస్తే గోడలు ఆరయి."

వానలు పడేదాకా అక్కతో మాట్లాడలేదు నాన్న. మొదటి పెద్ద వానకు మా ముందు నీళ్ళు ఆగకుండా పోయాయి. ఆ సాయంత్రం నాన్న రెండు కప్పుల చాయ్ పట్టుకుని పైకి వెళ్ళాడు.

ఆ జాలీ వల్ల పై ఇళ్ళకూ మేలైంది. ఒక్కరూ థాంక్స్ చెప్పలేదు.

చెప్పకపోగా, పాత రోడ్డు మీదే ఇంకో సీసీ రోడ్డు వేయించుకుని రిబ్బన్ కట్ చేశారు. "పాతది తవ్వి తీసినంకనే ఎయ్యండి, లేకుంటే ఇండ్లు రోడ్డు కిందికి పోతయి" అని ఆమె మొత్తుకుంది. మన వాళ్ళకు రోడ్డు ఎంత లావుంటే అంత డెవలప్‌మెంట్.

పోయిన వానాకాలంలో ఆ డెవలప్‌మెంట్ ఏమిటో తెలిసింది.

పక్క గల్లీలో అమ్మాయిల హాస్టల్ ఉంది. సెల్లార్లో మంచాలు వేసి కోచింగ్ పిల్లల్ని పెట్టాడు ఓనరు. మధ్యాహ్నం వాన మొదలైంది. బాల్కనీలో నిలబడి రోడ్డు మీద నీళ్ళు ఆ హాస్టల్ వైపు మళ్ళడం చూసిన అత్తమ్మ ఉన్నట్టుండి గొడుగు తీసుకుని దిగింది. నేను వెనకాలే పరుగెత్తాను.

ఓనరు గేటు దగ్గరే ఉన్నాడు. "ఏం కాదు మేడం, మోటర్ పెట్టినం."

"మోటర్ నీళ్ళు ఏడ పోస్తున్నవ్?"

"రోడ్డు మీద."

"రోడ్డు మీది నీళ్ళు మళ్ళ నీ సెల్లార్లకే ఒస్తున్నయి. నీళ్ళకు చక్కర్లు కొట్టిస్తున్నవా? కరెంటు పోతే నీ మోటర్ ఏం చేస్తది?"

అతన్ని పక్కకు జరిపి కరెంటు మెయిన్ ఆఫ్ చేయించి, సెల్లార్ మెట్ల మీద నిలబడి పిల్లలందర్నీ పైకి పిలిచింది. ఒకమ్మాయి నోట్సు కోసం మళ్ళీ కిందికి దిగబోతే జబ్బ పట్టి లాగింది.

"నోట్సు మళ్ళ రాసుకుంటవ్. నడువ్ పైకి."

ఆ పిల్ల పైమెట్టు ఎక్కిందో లేదో, హాస్టల్ వెనక ప్రహరీ గోడ కూలింది. ఒక్కసారిగా నీళ్ళు దూకాయి. మంచాలు గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు పైదాకా వినిపించింది. అత్తమ్మ పిల్లల్ని ఒక్కొక్కర్నే లెక్కపెట్టింది.

నీళ్ళు తోడించి, సున్నం కొట్టించి, అదే ఓనరు మళ్ళీ అక్కడే మంచాలు వేశాడు. సిగ్గు కూడా కొట్టుకుపోయినట్టుంది.

అత్తమ్మ ఏం చేసిందంటే, అడ్మిషన్ల టైమ్‌లో హాస్టల్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ ఆ రోజు జరిగింది చెప్పింది.

"నా బిజినెస్ ఖరాబ్ చేస్తున్నవ్ మేడం" అన్నాడతను.

"అవును" అంది.

చివరికి మంచాలు పోయాయి. ఇప్పుడక్కడ బండ్లు పెడుతున్నారు.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర ఆ ఓనరే అందరికంటే పెద్ద దండ తెచ్చాడు. ప్రెసిడెంటు గారు మైకు పట్టుకుని "తీరని లోటు" అన్నారు. సార్, తీరని లోటేం కాదు. ఆమె చెప్పిన పని చేయండి, చాలావరకు తీరుతుంది. చేయరని నాకు తెలుసు. మీకు చేతనయ్యేది ఫ్లెక్సీ ఒక్కటే.

ఆ హాస్టల్ అమ్మాయిలు కూడా వచ్చారు. మైకు అడగలేదు. వరసగా వచ్చి తలా గుప్పెడు మట్టి వేసి, నాన్న చేయి పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

అత్తమ్మా, ఇంక ఎవరికీ ఏదీ చెప్పాల్సిన పని లేదు. ప్రభువు దగ్గర నిమ్మళంగా పండుకో.