దరువు లేని పాట

మా నాన్నగారు రాజోలు చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. ఊరేగింపులో ఎంత బాగా వాయించినా డ్రమ్ముల మోతలో పక్కవాడికి కూడా వినబడేది కాదు. ఆ కడుపుమంటతోనే కాబోలు, చివరి రోజుల్లో డ్రమ్మనేదే లేకుండా మూడు ఊదే వాద్యాలకు ఒక పాట కట్టారు. క్లారినెట్ నాకు, ఫ్లూట్ అన్నయ్యకు, శాక్సఫోన్ బాబాయిగారికి.

పాట మధ్యలో ముగ్గురం ఒకేసారి ఆగాలి. నిండుగా ఊపిరి పీల్చుకుని అప్పుడు మళ్ళీ అందుకోవాలి. "అక్కడ తొందరపడితే పాటే లేదమ్మా" అనేవారు. కొబ్బరితోటలో కూర్చోబెట్టి నేర్పారు. బాగా కుదిరాక ఇంట్లో వినిపిద్దామని, అమ్మ కూడా వినకుండానే పోయారు.

ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడికలో ఆ పాట వాయించాలనుకున్నాం. ఆయన కట్టింది కట్టినట్టుగా అమ్మ ఒక్కసారి వింటే చాలు, నాకింకేం అక్కర్లేదు. అయితే మా దగ్గర కూడికల్లో కీబోర్డు ఊరుకోదు. పాస్టరుగారి ప్రార్థన కింద కూడా సన్నగా మోగుతూనే ఉంటుంది. అందుకని ముందే వెళ్ళి, మా పాటకు ఏమీ వాయించొద్దని కీబోర్డాయనకు చెప్పాను.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు.

ఆగాల్సిన చోట ఆగాం. పందిట్లో ఎవరూ కదల్లేదు. అంతలో స్పీకర్లలోంచి దబదబా కీబోర్డు దరువు మొదలైంది. జనం దానికి తగ్గట్టు చప్పట్లు అందుకున్నారు. ఒళ్ళు మండిపోతుంటే ఆ దరువుకే వాయించి ముగించాం.

భోజనాల దగ్గర కీబోర్డాయన్ని నిలబెట్టి అడిగాను.

"మీరు ఆగిపోయేరు కదండీ. మర్చిపోయేరేమో, పదిమందిలో పరువు పోతుందని అందుకున్నానండి" అన్నాడు, నేను థాంక్స్ చెప్పాలన్నట్టు.

అమ్మ దగ్గర్లో లేదు కదా అని నోటికొచ్చినట్టు తిట్టాను. చుట్టాలందరూ నామీదే పడ్డారు.

"మంచికే చేసేడు కదమ్మా, ఆ దరువు పడ్డాకే కదా ఊపొచ్చింది" అంది పెద్దమ్మ.

మంచికేనట. చచ్చిపోయాక కూడా మా నాన్న డ్రమ్ము వెనకే నడవాలా?

మళ్ళీ వాయిద్దామంటే ఇక కుదరదు. ఆ ఏడాది వానల్లోనే బాబాయిగారికి పక్షవాతం వచ్చి మూతి పక్కకు పోయింది. ఆయన ఇక ఊదలేరు. మిగిలింది కూడికలో తీసిన వీడియో ఒక్కటే.

అమ్మ రోజూ సాయంత్రం ఫోనులో అదే పెట్టుకుంటుంది. ఆపెయ్యమని అరవాలనిపిస్తుంది, పళ్ళు బిగించి కూర్చుంటాను. మేం ముగ్గురం ఊపిరి పీల్చుకునే చోట ఆ దిక్కుమాలిన దరువు మొదలవుతుంది. అమ్మ అక్కడే కళ్ళు తుడుచుకుంటుంది.

"చూసేవా, ఇక్కడ ఎంత బాగా కట్టేరో మీ నాన్నగారు" అంటుంది.