చౌడమ్మ పూనని వరదప్ప

లత్తేరి దాటిన మలుపులో ఒక మనిషి బాట పక్కన వెల్లకిలా పడుకొని, కాళ్ళు రెండూ మైలురాయి మీదికి ఎత్తిపెట్టుకొని ఉన్నాడు. వేలాయుధం ఎద్దులబండి ఆపాడు.

"ఏమప్పా, పొద్దన్నే కల్లు తాగినావా?"

"లేదు నాయనా. నిలబడితే నెత్తురు దిగిపోయి కండ్లకు చీకట్లు కమ్ముతాయి. నీళ్ళుంటే ఒంటిమీద పొయ్యప్పా."

పందొమ్మిది వందల పన్నెండు నాటి ఎండాకాలమది. ఎండను తిట్టని ఊరు లోకంలో లేదు గానీ, వేలూరి సీమలో తిట్టడానికి నోట తడి కూడా మిగలదు. అయినా ఆ మనిషి ఒంటిమీద చెమట చుక్క లేదు.

"నాకు చెమట పట్టదప్పా."

"మా బావమరిదికీ పట్టదు. పని చేస్తే గదా."

అతను నవ్వి, నీళ్ళు పోయించుకొని, గుడియాత్తం పోయే ఆ బండెక్కాడు. గుడియాత్తం నేతగాడు, వరదప్ప. వేలూరికి వైద్యం కోసం పోయి, తిరుగు రైలుపెట్టెలో వేడికి తాళలేక లత్తేరిలోనే దిగిపోయాడు.

దోవలో తన సంగతి చెప్పుకొచ్చాడు. ఆ మధ్య ఒక కన్ను మసకేసి తేరింది. తరువాత కాళ్ళు మొద్దుబారాయి. ఇప్పుడు గుంటమగ్గం నుంచి లేచినప్పుడల్లా కూలబడుతున్నాడు. వీధివాళ్ళు చౌడేశ్వరి పూనిందన్నారు. మూలిగితే అమ్మవారి వాక్కన్నారు. ఒకసారి పడిపోయి "నీళ్ళు" అంటే, వాన వస్తుందని వీధిలో సాగదీసిన పడుగు దారాలన్నీ ఇళ్ళలోకి చేర్చుకున్నారు. వాన రాలేదు. నమ్మకం పోలేదు.

అమ్మవారు పూనిన మనిషి మగ్గం గుంటలో కాలు పెట్టకూడదని అక్కడి కట్టుబాటు. ఈ సాయంత్రమే కులపెద్ద రంగరాజులు అతని మగ్గం విప్పించి, అతన్ని గుడి అరుగు మీద కూర్చోబెడతాడు.

"మంచిదే గదప్పా. కూర్చున్న తావుకే పొంగలి వస్తాది."

"పొంగలి తిని ఏం చేసేది? నేను నేసేవాణ్ణి. డాక్టరు చెప్పినాడు, ఇది నరాల జబ్బంట. చెమట పట్టేది, నెత్తురు పైకెక్కేది, ఒంటేలు ఆగేది, మనం చెప్పకనే ఒళ్ళు చేసుకునే పనులు. అవి చెడిపోయినాయంట. మందు లేదన్నాడు." బండి అంచుకు జరిగాడు. "బండి నిలుపప్పా."

"మళ్ళీనా?"

"ఒంటేలు నా మాట వినదు నాయనా. నీ ఎద్దులే నయం."

పొద్దువాలే వేళకు నేతవీధి చేరారు. రంగరాజులు కర్పూరం వెలిగించి ఎదురొచ్చాడు.

"దిగు తల్లీ."

"నేను వరదప్పను మామా."

బండి అంచున కాళ్ళు వేలాడేసి, వైద్యుడు చెప్పినట్టు, నెత్తురు కిందికి దిగకుండా తడిగుడ్డతో పిక్కలు బిగించి కట్టుకున్నాడు. తొందరపడలేదు. జనం కూలబడతాడని చూస్తున్నారు. రంగరాజులు చేతిలో కర్పూరం ఆరిపోయింది.

"పలుకు తల్లీ, ఏం కావల్ల?"

"దోవ."

మెల్లగా లేచాడు. ఊగాడు, గోడ పట్టుకున్నాడు, పడలేదు. వేలాయుధం "నేను పోయొస్తానప్పా" అన్నాడు. వరదప్ప వెనక్కి చూడలేదు. గోడ వెంట చెయ్యి జరుపుకుంటూ, ఇంకా ఎవరూ విప్పని తన మగ్గమున్న ఇంటివైపు నడిచి వెళ్ళిపోయాడు.