ఆరేళ్ళ బేరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కింద పురుగుల్ని చంపేవాళ్ళు, మేడ మీద నేను పెంచేదాన్ని. సత్తెనపల్లిలో మా నాన్నది విత్తనాలు, పురుగుమందుల కొట్టు. కొట్టు మీదే కాపురం. వీధి వీధంతా కొట్లే కావడంతో నాకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది. గాజులమ్మే ఆవిడ నేను బడికి వెళ్ళానని రూఢి చేసుకున్నాక గాని మా గుమ్మంలో బుట్ట దించేది కాదు. అది నాకు అవమానమని అప్పట్లో తెలియదు. బిరుదనుకుని మురిసిపోయేదాన్ని.

నేను పదో తరగతిలో ఉన్న ఏడాది పత్తిని పురుగు కమ్మేసింది. రైతులు పురుగును కాయతో సహా తలగుడ్డ చెంగున మూటకట్టి తెచ్చి, కొట్లో బల్ల మీద విప్పేవాళ్ళు. నాన్న చూసి మందు డబ్బా ఇచ్చేవాడు, పురుగును పారెయ్యమని నా చేతికిచ్చేవాడు. నేను పారేసేదాన్ని కాదు. గాజు సీసా అడుగున మట్టి పోసి, పత్తికాయ వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, అందులో పెంచేదాన్ని. పురుగు తిని, బలిసి, మట్టిలో దూరి పడుకునేది. కొన్నాళ్ళకు రెక్కల పురుగై లేచేది. ఏ రోజు ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. లెక్కల హోంవర్కు మీద మాత్రం అంత శ్రద్ధ ఉండేది కాదు.

ఒకరోజు బడి నుంచి వచ్చి చూస్తే, ఒక సీసాలో రెక్కల పురుగుకు బదులు బొద్దుగా, ఒంటినిండా వెంట్రుకలతో ఒక ఈగ కూర్చుని ఉంది. మూతికి గుడ్డ కట్టినట్టే ఉంది. పడుకున్నది ఒకరు, లేచింది ఇంకొకరు! ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

మర్నాడు సీసా పట్టుకుని మా సైన్సు టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "పురుగు లోపలే ఈ ఈగ పిల్ల పెరిగిందమ్మా, దాన్ని తినేసి బయటికొచ్చింది. ఇది ఏ ఈగో, ఎప్పుడు గుడ్డు పెట్టిందో నాకు తెలియదు" అన్నారు. నేను నిర్ఘాంతపోయాను. మా వీధిలో ఏ కొట్టువాడూ తన దగ్గర సరుకు లేదని ఒప్పుకోడు, ఇంకోటేదో అంటగడతాడు. తెలియదని చెప్పి కూడా పెద్దమనిషిగా ఉండవచ్చని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. "తెలుసుకోవాలంటే వ్యవసాయ కాలేజీలో చేరాలి. ఇంటర్ రెండేళ్ళు, ఆ పైన నాలుగేళ్ళు" అని కూడా అన్నారావిడ. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ ఆ ఆరేళ్ళనే తలుచుకున్నాను.

ఇంట్లో ఎలా అడగాలా అని నేను ఆలోచిస్తుండగానే వ్యవహారం చెడింది. కొట్టు నిండా జనం ఉన్న వేళ ఒక పెద్ద రైతు మేడ వైపు చెయ్యి చూపించి, "ఏందండీ షావుకారు గారూ, మీ అమ్మాయి పైన పురుగుల్ని పెంచుతా ఉందంట! ఆమె పెంచుద్ది, మీరు చంపుతారు. ఇంక మీ యాపారానికి ఢోకా లేదు పోండి!" అన్నాడు. కొట్టంతా గొల్లున నవ్వింది. నాన్న ముఖం ఎర్రబడింది. "పదితో చదువు సరి. రేపు ఆ సీసాలన్నీ చెత్తకుండీలోకే" అన్నాడు, వీధి చివరికి వినపడేలా.

మా తాతయ్య మిరపకాయల దళారిగా తల నెరిసినవాడు. ఆ సాయంత్రం వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నీకేం కావాలో చెప్పవే" అన్నాడు. నేను గోడవారనున్న సీసాల వైపు చూశాను. అప్పుడాయన భుజం మీది కండువా తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. పశువుల సంతలోనూ మిరపకాయల బేరాల్లోనూ పెద్దవాళ్ళు అలాగే చేసేవాళ్ళు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. చుట్టూ ఎందరున్నా ఎవరు ఎంత అడిగారో, ఎవరు ఎంత దిగారో బయటికి తెలియదు.

"చదువు ఎన్నేళ్ళు?" అన్నాడు. నేను ఆయనవి రెండు వేళ్ళు పట్టుకున్నాను. ఇంటర్ వరకైనా దక్కితే చాలనుకున్నాను.

తాతయ్య చెయ్యి తీయలేదు. "ఇది నీకు కావలసిందా, మీ నాన్న ఇస్తాడనుకున్నదా?" అన్నాడు. "గాజులావిణ్ణి ఏడిపిస్తావు గదే! నీ సరుక్కి నువ్వే ధర కోసుకుంటే, ఇంక అవతలివాడికి పనేముంది?"

నాకు సిగ్గేసింది. వీధిలో అంత పేరున్న బేరగత్తెను, సొంత బేరంలో ఎదుటివాడు నోరు విప్పకముందే నాలుగేళ్ళు వదిలేసుకున్నాను. అప్పుడు ఈగ సంగతీ, ఆరేళ్ళ సంగతీ తాతయ్యకు పూర్తిగా చెప్పాను.

మర్నాడు పొద్దున, రైతులంతా బల్లల మీద ఉండగానే, తాతయ్య నన్ను కొట్లోకి తీసుకెళ్ళాడు. "ఒరేయ్, మందు కొట్టినా పురుగు చావట్లేదేమని వీళ్ళు రోజూ అడుగుతున్నారు. నీ దగ్గర జవాబుందా? నీ కూతురు తెలుసుకుంటానంటోంది. ఎన్నేళ్ళు చదివిస్తావో బేరమాడు" అన్నాడు.

"అందరిముందూ ఏంటి నాన్నా ఇది?" అన్నాడు నాన్న.

"అందరిముందూ అన్న మాట అందరిముందే తేలాలి. నువ్వెంత దిగావో బయటపడకుండా గుడ్డ ఉందిగా" అని నాన్న చేతి మీదా నా చేతి మీదా కండువా కప్పేశాడు తాతయ్య.

నాన్న అరచేయి మొత్తం పట్టుకున్నాను. అయిదు. వదిలి, మళ్ళీ ఒక్క వేలు పట్టుకున్నాను. నాన్న కనుబొమలు పైకి లేచాయి. ఆయన నావి రెండు వేళ్ళు పట్టుకున్నాడు. నేను మళ్ళీ అయిదు, ఒకటి. మూడన్నాడు. నేను మాట మార్చలేదు. నాలుగన్నాడు. నాలుగు దగ్గర తెంచుకో, మిగతా రెండూ తర్వాత లాక్కోవచ్చని నాలోని కొట్టుబుద్ధి గోల పెట్టింది. నాన్న కళ్ళలోకి చూస్తూ మళ్ళీ అయిదు పట్టుకున్నాను, మళ్ళీ ఒకటి.

నాన్న చెయ్యి కదలకుండా ఆగిపోయింది. తర్వాత ఆయన నా చేతిని గట్టిగా ఒకసారి నొక్కి వదిలాడు. అంటే బేరం కుదిరినట్టు.

"ఎంతకి తెగిందండీ?" అన్నాడు ఆ పెద్ద రైతు, ఆత్రం పట్టలేక.

"గుడ్డ కింది మాట బయట అడగటం మర్యాదేనా?" అన్నాడు నాన్న. కండువా మడిచి తాతయ్యకు ఇచ్చి, నా వైపు తిరిగి, "ఎండ తగిలే చోట పెట్టకు ఆ సీసాలు" అన్నాడు.

ఆరేళ్ళన్నది చివరికి ఏడయింది. ఒక పేపరు తప్పాను లెండి. ఆ అదనపు ఏడాది మాట నాన్న ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పటికీ కూరల బండి దగ్గర నేను ఆగితే ఆ అబ్బాయి ముఖం మాడ్చుకుంటాడు. కరివేపాకు కొసరు లేనిదే కదలను. కాని నేర్చుకోవాలనుకున్నదేదైనా, ఏ ఆఫీసులోనైనా, ఏ పెద్దమనిషి ఎదుటైనా, పూర్తిగానే అడుగుతాను. ఇవ్వడం, మానడం వాళ్ళ పని. తగ్గించి అడిగే పని మాత్రం నేను చెయ్యను.