చిక్కటి నూనె, చెల్లెలి ప్రయాణం

మొన్నొక సాయంత్రం జనగామలో మా ఎదురింటివారి అల్లుడు తన పాత డీజిల్ కారును మా గేటు ముందు ఆపి, ఇంజిన్ బందు చేయకుండానే దిగి వచ్చి, "సార్, మీరు డీజిల్ బండి చాన ఏండ్లు నడిపిన్రంట గదా, గీ చప్పుడు తగ్గాలంటే ఏ ఆయిల్ పొయ్యాలె?" అని అడిగాడు. అడిగింది చిన్న మాటే. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. నౌకరీ నుంచి దిగిపోయి, మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్న ఈ వయసులో కూడా ఒక్క మాటతో ముఖం మీదికి వచ్చి కూర్చునే సిగ్గులు కొన్ని ఉంటాయని నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. మా తండాలో మొదటి సర్కారు నౌకరీ నాదే, జనగామలో గుమాస్తా పని. ఆ రోజుల్లో నేను నాలోని చప్పుళ్లన్నీ తగ్గించుకునే పనిలో ఉండేవాణ్ణి. ఆఫీసులో మెల్లగా మాట్లాడేవాణ్ణి, మెల్లగా నవ్వేవాణ్ణి, మా యాడి, అంటే మా అమ్మ, నన్ను చూడ్డానికి బస్సు దిగి బజార్లోనే మా లంబాడీ మాటలో గట్టిగా పలకరిస్తే తలవంచుకుని తెలుగులో జవాబిచ్చేవాణ్ణి. అలాంటివాణ్ణి, పాలకుర్తిలో ఒక పత్తి వ్యాపారి అమ్ముతున్నాడంటే పోయి, అప్పటికే ఇద్దరి చేతులు మారిన డీజిల్ కారును కొనుక్కొచ్చాను. దాని చప్పుడు వర్ణించలేను. పిండి గిర్నీకి చక్రాలు బిగించి రోడ్డు మీద వదిలినట్టు ఉండేది. వారం తిరక్కుండానే ఆఫీసులో నా పేరు పోయి 'గిర్నీ సార్' మిగిలింది. గేటుకు చాలా దూరంలోనే ఇంజిన్ ఆపేసి, వాలు మీద జారుకుంటూ లోపలికి పోయి, ఎవరూ చూడకముందే కుర్చీలో కూర్చోవాలని చూసేవాణ్ణి. కిటికీ దగ్గర కూర్చునే పెద్ద గుమాస్తా కళ్లద్దాల మీదుగా చూసి నవ్వేవాడు.

నూనె మారిస్తే చప్పుడు తగ్గుతుందని ఎవరో అన్నప్పటినుంచి నాకు అదే ధ్యాస. మా మెకానిక్ భాయ్ దగ్గరికి పోతే, ఆయన బానెట్ ఎత్తి చెవి పెట్టి విని, "చిక్కటిది పోస్తే పైన టకటక జర తగ్గుతది సార్. లోపటి మోత డీజిల్ గుణం, అది యాడికి పోదు. చలికి పొద్దుగాల స్టార్టింగ్ పరేషాన్ జేస్తది మల్ల" అన్నాడు. నాకు మొదటి మాట ఒక్కటే వినబడింది. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిక్కటిది, బెల్లం పాకంలా జారేది పోయించుకున్నాను. నిజంగానే బండి గొంతు దిగింది. ఆ వానాకాలమంతా పని లేకపోయినా జఫర్‌గఢ్ రోడ్డు మీద అద్దాలు దించుకుని తిరిగేవాణ్ణి, ఇప్పుడు నా బండిని ఎవరూ తల తిప్పి చూడడం లేదన్న సంతోషంతో.

ఆ మాఘంలోనే నా చెల్లెలి పెళ్లి. ఒక్కగానొక్క చెల్లెలు, మహబూబాబాద్‌లో దవాఖానలో నర్సు. అబ్బాయిది కూడా మా కులమే, భూపాలపల్లిలో బొగ్గుగని ఉద్యోగం. పెళ్లి తండాలో కాకుండా మహబూబాబాద్‌లోనే ఫంక్షన్ హాలులో చేశాం. మాలో పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఢావ్లో అని ఒక ఏడుపు పాట పాడుతుంది. తల్లినీ తండ్రినీ అన్ననూ ఒక్కొక్కరినీ పట్టుకుని, ఎవరి మాట వాళ్లకు కలిపి, గొంతెత్తి పాడుతుంది. నా చెల్లెలు చిన్నప్పుడే మా మేనత్త దగ్గర కూర్చుని ఆ రాగం పట్టింది. కానీ అప్పగింతల తెల్లవారుజామున హాలు నిండా ఆమెతో పనిచేసే నర్సులు, అబ్బాయి స్నేహితులు, మా ఆఫీసువాళ్లు ఉన్నారు. యాడి ఆమె ముఖంలోకి చూస్తూ చాలాసేపు నిలబడింది. చెల్లెలు తలవంచుకుని ఊరుకుంది. పాడొద్దని ఎవరూ అనలేదు, పాడమనీ ఎవరూ అనలేదు. నాకైతే, ఇప్పుడు చెప్పుకుంటున్నాను, ప్రాణం కుదుటపడింది.

ఆమెను భూపాలపల్లికి నా బండిలోనే తీసుకుపోతానని నేనే పట్టుబట్టాను. అబ్బాయి ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు, వెనక చెల్లెలూ మేనత్తా. తాళం తిప్పాను. చలికి లోపల నూనె గడ్డకట్టినట్టయిందేమో, ఇంజిన్ ఒకసారి మూలిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. ఇంకోసారి తిప్పేసరికి బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. హాలు మెట్ల మీద జనమంతా చూస్తున్నారు. పెద్ద గుమాస్తా చూస్తున్నాడు. అబ్బాయి తరఫు పెద్దమనిషి ఒకాయన దగ్గరికొచ్చి, మర్యాదగానే, "ఏంది బావా, పిల్లను తోలుడు ఇష్టం లేదా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. కొత్త పెళ్లికొడుకు దిగి, పట్టు కండువా నడుముకు చుట్టుకుని తొయ్యడం మొదలుపెట్టాడు. ఆఫీసువాళ్లు ఒక చెయ్యి వేశారు. స్టీరింగు పట్టుకుని కూర్చున్న నాకు, నా చెమట నాకే వాసన వస్తోంది.

రోడ్డెక్కాక బండి ఒక్క కుదుపుతో అందుకుంది. అందుకోవడం అంటే మామూలుగా కాదు, అన్ని నెలలు నోరు నొక్కి ఉంచినందుకు కక్ష తీర్చుకున్నట్టు మొత్తుకుంది. వెనక హాలు దగ్గర పిల్లలు ఈలలు వేయడం కనిపించింది గానీ వినిపించలేదు. పరిగెత్తుకొచ్చి పక్కన ఎక్కిన అబ్బాయి ఏదో అన్నాడు, అదీ వినిపించలేదు. ఇక అక్కణ్ణుంచి నర్సంపేట దాకా నేను రోడ్డు మీంచి కన్ను తిప్పలేదు, ఒక్కసారైనా అద్దంలో వెనక్కి చూడలేదు. ఈ అవమానంతో నా చెల్లెలి కాపురం మొదలయిందే అని లోపల్లోపల కుమిలిపోతూ, ఆ మోతలో ఏ ముక్క తేడాగా మోగుతోందో అని చెవులు రెండూ ఇంజిన్ మీదే పెట్టి నడిపాను. నర్సంపేట దాటాక నూనె చలి వదిలి పైదాకా ఎక్కిందేమో, బండి కాస్త నెమ్మదించింది. అప్పటికి వెనక ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు.

చాలా నెలల తర్వాత చెల్లెలు తండాకు వచ్చినప్పుడు, ఆ రోజు సంగతి ఎత్తి, నీ ముఖం చిన్నది చేశానమ్మా అన్నాను. ఆమె చేస్తున్న పని ఆపి నా వైపు వింతగా చూసింది. తర్వాత మా మాటలో చెప్పింది. తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"నీ బండి గట్ల మొత్తుకోకుంటే నేను పాడకపోదును భియా. హాల్ల గొంతు పెగల్లే. బండ్ల ఎవ్వలికి ఇనబడది గదా అని నర్సంపేట దాక ఢావ్లో పాడిన. మేనత్త గూడ గొంతు కలిపింది."

మళ్లీ పని అందుకుంటూ, "నీ వరుస గూడ పాడిన. నువ్వు ఇనలేదా?" అంది.

నేను వినలేదు. అన్నను పిలిచి, ఎత్తుకుని తిప్పిన రోజులు తలచి, ఇక ఎప్పుడొస్తావని అడిగే ఆ వరుసను, మూరెడు దూరంలో ముందు సీట్లో కూర్చుని కూడా నేను వినలేదు. హాలు ముందు పడ్డ సిగ్గు ఆ రోజుతో చిన్నదైపోయింది. దాని జాగాలోకి వచ్చిన ఈ సిగ్గు మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు యాడి లేదు, మేనత్త లేదు. మా పెళ్లిళ్లన్నీ హాళ్లలోనే అవుతున్నాయి. పాట రావలసిన చోట పెద్ద పెద్ద బాక్సుల్లో డీజే మోగుతోంది. భూపాలపల్లి పోయినప్పుడల్లా, ఆ రోజు నా గురించి ఏం పాడావో ఒక్కసారి చెప్పమని చెల్లెల్ని అడుగుతుంటాను. ఆమె నవ్వి, అవి ఆ పొద్దుకు నోటికొచ్చిన మాటలు, రాసిపెట్టుకున్నవి కావు, మరిచిపోయాను అంటుంది. పోనీ రాగమైనా అను అంటే, తలుపు వైపు చూసి, పక్కింటోళ్లు వింటారు ఊకో అంటుంది.