పసుపు తిన్న హార్డ్ డిస్క్

మా ఇంటి కంప్యూటర్ నిండిపోయింది. చోటు లేదని రోజుకు నాలుగుసార్లు తెర మీద మొరపెట్టుకునేది. చోటంతా తిన్నవి మా ఆడపడుచు పెళ్లి వీడియోలే. నా బెంగ మాత్రం అత్తమ్మ పాటల గురించి.

అత్తమ్మది భద్రాచలం దారిలో అడవి అంచు పల్లె. రాములవారి కల్యాణానికి తలంబ్రాల కోసం ఆడవాళ్లు వడ్లను గోటితో ఒలుస్తారు కదా, అప్పుడు పాడుకునే పాటలు ఆమెకు బోలెడన్ని వచ్చు. కిందటేడు వాటిని ఫోన్లో రికార్డు చేసి, అందులో చోటు చాలక కంప్యూటర్లోకి మార్చాను. ఆ మరుసటి నెలలోనే ఆమెకు పళ్లన్నీ తీయించాల్సి వచ్చింది. కట్టుడు పళ్లు అన్నం వరకే. పాడమంటే "ఊడి ఒళ్లె పడ్తయి బిడ్డా" అంటుంది. తీసి పాడితే మాటల్లో సగం గాలికి పోతాయి. అంటే, పళ్లున్ననాటి ఆ పాటలు భూమ్మీద ఒక్క మా కంప్యూటర్లోనే ఉన్నాయి. అది చెడిపోతే మళ్లీ రావు.

కొత్త హార్డ్ డిస్క్ కొనాలని తేలింది. లోపల బిగించేదా, బయట పెట్టుకునేదా అన్న దగ్గర ఇల్లు రెండుగా చీలింది.

"ఇంటర్నల్ పెట్టిద్దాం. ఒకసారి బిగిస్తే ఇగ దాని జోలికి ఎవలు పోరు" అన్నారు మా ఆయన. ఆయన గనిలో పనిచేస్తారు. ఏదైనా బోల్టు వేసి బిగిస్తేనే ఆయనకు నమ్మకం. "బయటిదైతే మీ తమ్ముడు సినిమాలు ఎక్కించుకొస్తనని పట్టుకపోతడు. నా స్పానర్ సెట్టు పట్టుకపోయిండు, ఇప్పటికి దాని అజాపజా లేదు."

నేను బడికి పోలేదు. మా ఊళ్లో బడి లేని రోజుల్లో నాన్నే ఇంట్లో అక్షరాలు దిద్దించి, చేతికొచ్చిన కాగితం ఏదైనా చివరిదాకా చదవమని చెప్పాడు. ఆయనకు నేనెంత రుణపడ్డానో చెప్పలేను. సబ్బు అట్టలతో మొదలుపెట్టి కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకం దాకా అన్నీ చదివాను. ఆ ధైర్యంతోనే, "కంప్యూటర్ పోతే లోపలిది కూడా దాంతోపాటే పోవచ్చటండి. బయటిదైతే తీసి పక్కన పెట్టుకోవచ్చు" అన్నాను.

తీర్పు అత్తమ్మ దగ్గరికి వెళ్లింది. రెండు రకాలూ వివరించి చెప్పాను. ఆమె తమలపాకు మడుస్తూ విని, "గిందుల కొట్లాట ఏందిరా? గుళ్లె మూలవిరాట్టు కదలడు. ఊరేగింపుకు ఉత్సవమూర్తి బయటికొస్తడు. లోపలున్నాయన ఎట్లాగూ ఉండె. బయటికొచ్చేటాయన్ను తెండి" అంది. గుడి మాట వచ్చాక మా ఆయన ఏమంటారు?

నల్లటి చిన్న డబ్బా ఇంటికొచ్చింది. పాటలన్నీ అందులోకి పంపాను. ఇక్కడే నా తెలివి చూపించాను. ఒకే వస్తువు రెండు చోట్ల ఎందుకు, చోటు దండగ అనుకుని కంప్యూటర్లోవి తుడిచేశాను. ఎన్ని పుస్తకాలు చదివితేనేం!

దసరా వచ్చింది. గనివాళ్ల ఇళ్లలో ఆ రోజు పనిముట్టన్నదానికల్లా పసుపు కుంకుమ పడాల్సిందే. అత్తమ్మ గిన్నె పట్టుకుని బయలుదేరింది. బండికి, గని టోపీకి, మిక్సీకి, చివరికి రిమోట్‌కు కూడా బొట్లు పెట్టింది. హార్డ్ డిస్క్ అంటే ఆమెకు ఉత్సవమూర్తే కదా, దానికి ప్రత్యేక మర్యాద చేసింది. వేలినిండా తడి పసుపు తీసి, వైరు గుచ్చే సందులోంచి అవతలి మూల దాకా పట్టించింది. అదేమీ చూడకుండా నేను సాయంత్రం వైరు గుచ్చాను. చిటుక్కుమంది. మళ్లీ గుచ్చితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా ఆయన తీసి చూస్తే సందు నిండా పసుపు.

"అమ్మా! గిదేం పనే?"

"బొట్టు పెట్టిన. తప్పా?"

"బొట్టు కాదే, బువ్వ పెట్టినట్టు పెట్టినవ్!" మా ఆయన నా వైపు తిరిగారు. "లోపలిదైతే అమ్మ వేలు పోయేదా?"

నోట్లో రామనామం తప్ప ఇంకేమీ ఆడలేదు.

మర్నాడు ముగ్గురం కొత్తగూడెంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణానికి వెళ్లాం. కంప్యూటర్‌ను మా ఆయన ఎత్తుకొచ్చారు. దుకాణం కుర్రాడు డబ్బా మూత ఊడదీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా, పులిహోర వాసనొస్తుంది."

"నవ్వకు తమ్మీ. పాటలున్నయా పోయినయా చెప్పు" అన్నాను.

"ఆగక్కా." డబ్బాలోంచి పలుచటి పలకలాంటిది బయటికి లాగాడు. "పసుపు తిన్నది పైన ఈ చిన్న బోర్డు. అసలు డిస్కు ఇది. దీన్ని కంప్యూటర్లనే బిగించి చూద్దాం."

మా ఆయన ముందుకు వంగారు. "అంటే బయటిదాంట్ల ఉండేది లోపలిదేనా?"

"మీ దాంట్ల గట్లనే ఉంది సార్. మీద తొడుగే తేడా."

"ఇగ నేనేమన్నా?" అని ఆయన దుకాణమంతా వినబడేలా అడిగారు. అదృష్టవశాత్తు ఆ పూట వేరే గిరాకీ లేదు.

అతను రెండు వైర్లు తగిలించి మీట నొక్కాడు. ఫైళ్లు వరుసగా వచ్చాయి. మొదటి పాట మోగించాడు. అత్తమ్మ గొంతు, నిండు పళ్లతో, అక్షరం అక్షరం స్పష్టంగా. స్వామీ, నీ దయ అనుకుంటూ కొంగు కళ్లకు అద్దుకున్నాను.

అత్తమ్మ మాత్రం కనుబొమలు ముడిచి విన్నది.

"బందు చెయ్యి. గది తుడిచెయ్యి."

"ఏమైందత్తమ్మా?"

"రెండో చరణంల సీతమ్మ వడ్డాణం ఊర్మిళమ్మకు పెట్టిన. ఎవలన్న వింటే ఏమనుకుంటరు? తీసెయ్ బిడ్డా."

"అవ్ అత్తమ్మా, తీసేస్తా" అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు చెప్పిన అబద్ధం అదొక్కటే. దేవుడు క్షమిస్తాడనే నమ్మకం. పసుపు డబ్బాలోంచి తీసిన డిస్కును మా ఆయన దగ్గరుండి కంప్యూటర్ లోపలే బోల్టులేసి బిగింపజేశారు. నేను మరో బయటిది కొన్నాను. ఊర్మిళమ్మ వడ్డాణం ఇప్పుడు రెండింట్లోనూ ఉంది.