గిలకలదిండి ఇంటికి మదర్‌బోర్డు

పాత కంప్యూటరు డబ్బా మూత విప్పగానే ఉప్పు, తుప్పు కలిసిన వాసన ముక్కుకి తగిలితే ఇప్పటికీ నా చెయ్యి ఆగిపోతుంది. కరుణమ్మగారు పక్కనే నిలబడి, "ముందు చూడు నాయనా, తర్వాత ముట్టుకో" అంటున్నట్టే ఉంటుంది.

బందరులో కంప్యూటర్లు బిగించి అమ్మే చిన్న కొట్టు ఆవిడది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, డిప్లొమా పూర్తిచేసి అక్కడ పనికి చేరాను. కొనడానికి ఎవరొచ్చినా ఆవిడ మొదటి ప్రశ్న ఒకటే: "ఇల్లు ఎక్కడండీ? కిటికీ సముద్రం వైపుందా?" మదర్‌బోర్డు సంగతి ఆ తర్వాతే. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ఆరాలు తీయరని లోలోపల నవ్వుకునేవాణ్ణి. ఎంత పొగరో నాకు!

ఆవిడ చర్చి పనిమీద గుడివాడ వెళ్లిన రోజున, సముద్రం ఒడ్డునున్న గిలకలదిండి నుంచి నాగేశ్వరరావు వచ్చాడు. చేపల బోటు మీద పనిచేస్తాడు. అదే బోటు మీద అతని తమ్ముడు శ్రీనుకి కాలు పోయింది. "వాడు మంచం దిగట్లేదండీ, ఎవరితోనూ మాట్లాడట్లేదు. కార్ల ఆటలంటే పిచ్చి. మరీ ఖరీదు కాకుండా, ఆట ఆగకుండా నడిచేది చూడండి" అన్నాడు. నేను ఘనమైన గ్రాఫిక్స్ కార్డు వేసి, ఆ ఖర్చు సర్దడానికి నాసిరకం మదర్‌బోర్డు పెట్టేశాను. లోపలున్న బోర్డు ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాను. కిటికీ ప్రశ్న అడగనే లేదు.

వానాకాలం వెళ్లకుండానే అతను డబ్బా భుజాన పెట్టుకుని మళ్లీ వచ్చాడు. కరుణమ్మగారు మూత విప్పారు. బోర్డు మీద కరెంటు నిలకడగా అందించే చిన్న గొట్టాలు ఉబ్బిపోయాయి, వాటి కాళ్ల దగ్గర ఉప్పుగాలికి పట్టిన పచ్చటి చిలుం. "శ్రీను మళ్లీ గోడవైపు తిరిగి పడుకున్నాడండీ" అన్నాడతను. "సరుకే అంత" అని గొణిగాను. ఆవిడ నావైపు ఒక్కసారి చూశారు, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

అతను డబ్బా మా దగ్గర వదిలి వెళ్లాక, కరుణమ్మగారు చర్చి పాటలు టైపు చేసుకునే తన సొంత కంప్యూటరు విప్పి, అందులోని గట్టి బోర్డు బయటికి తీశారు.

"ఇలాంటిది తెప్పించాలంటే రెండు వారాలు. ఆ పిల్లాడు ఆగలేడు. బోర్డు నేనిస్తాను. తప్పెవరిదో మాత్రం నువ్వే చెప్పి రావాలి."

"పరువు పోతుందమ్మా."

"పోనీ నాయనా. మళ్లీ సంపాదించుకో."

మర్నాడు డబ్బా, ఆ బోర్డు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. సముద్రం వైపు తెరిచిన కిటికీ కిందే ఉంది కంప్యూటరు బల్ల. బోర్డు మార్చి, "తప్పు నాదేనండీ. కిటికీ సముద్రం వైపుందా అని అడక్కుండా, ఉప్పుగాలికి తట్టుకోలేని నాసిరకం ఇచ్చాను" అన్నాను. తిడతారనే అనుకున్నాను. గోడవైపు తిరిగి ఉన్న శ్రీను మెల్లగా ఇటు తిరిగి, "అయితే బల్ల ఎటు జరపమంటావన్నా?" అన్నాడు. నాగేశ్వరరావు కళ్లు తుడుచుకుంటూ గబుక్కున బయటికి వెళ్లిపోయాడు. బల్ల నేనొక్కణ్ణే జరిపాను.

ఆ క్రిస్మస్‌కి పాటలన్నీ కరుణమ్మగారు చేత్తోనే రాశారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ కాగితాల్లో ఒకటి నా కొట్టు సొరుగులో ఉంది. గేమ్స్ ఆడే కంప్యూటరు కావాలని ఎవరొచ్చినా, "ఇల్లు ఎక్కడండీ? కిటికీ ఎటువైపు?" అని అడుగుతాను. వాళ్లు లోలోపల నవ్వుకుంటారని నాకు తెలుసు.